ఆటల వార్తలు వ్రాయువాని ధర్మము

మా విద్యార్థులలో అనేకులు దినపత్రికను ముందునుండి గాక వెనుకనుండి చదువుదురు. ఆటల పుటలు వెనుక నుండుటయే దీనికి కారణము. ఈ యలవాటును మేము తప్పుపట్టము. రాజకీయవార్తలోని నిజానిజములను తెలిసికొను సాధనము సామాన్యముగా చదువరికి లేదు. ఆట వార్త అట్లుకాదు. నిన్నటి సాయంకాలము ఆటస్థలములో తాను కన్నులార చూచినదానినే బాలుడు నేటి యుదయము అచ్చులో చూచును. చూచినదానికిని వ్రాసినదానికిని ఎంత దూరమున్నదో అతడు మొదటిసారి కొలుచుట ఈ పుటలోనే. కాబట్టి పత్రికను పరీక్షించి చదువుట నేర్పదలచిన ఉపాధ్యాయునకు ఇంతకంటె తగిన పాఠ్యభాగము దొరకుట యరుదు.

మేము విచారింపదలచినది మహానగరములలో కూర్చుండి లోకమందలి ఆటలన్నిటినిగూర్చి వ్రాయు ప్రసిద్ధుల సంగతి కాదు. ఊరి విలేఖరి సంగతి. ఢిల్లీనుండి వచ్చి వ్రాసి పోవువానికి ఊరిలో ఎవరితోను పనియుండదు. ఊరి విలేఖరియో, ఏ యాటగానినిగూర్చి వ్రాయునో వాని వీథిలోనే కాపురముండును. ఆ యాటగాని తండ్రి అంగడిలోనే సరకులు కొనును. జట్టు కార్యదర్శి అతని యింటి పెండ్లికి వచ్చి భోజనము చేసినవాడు. అదిగాక మన జిల్లాలలో మండలపు విలేఖరులలో పెక్కుమందికి నెలజీతము లేదు. అచ్చయిన పంక్తులను లెక్కించి యిచ్చు స్వల్పమైన సొమ్మే యుండును. పండుగలకు ప్రకటనలు సమకూర్చు భారముకూడ పలుచోట్ల వారిమీదనే పడును. పోటీలు జరిపించు పెద్దమనిషియు, ప్రకటన యిచ్చు పెద్దమనిషియు ఒక్కరేయైనప్పుడు కలము ఎటు మొగ్గునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కఱలేదు.

ఇట్టివానిని నిందించుట సులభము. మే మందుకు పూనుకొనలేదు. ఈ చిక్కు మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ధనమునకు కొదువలేని దేశములోను, పేరుమోసిన పత్రికలలోను ఇది యుండెను. దానికి దృష్టాంతముగా అమెరికాలోని షికాగో నగరమున జరిగిన కథను కొంత విపులముగా చెప్పెదము.

బేస్‌బాల్ అను ఆట మన దేశమున అంతగా ఆడబడదు. కఱ్ఱతో బంతిని కొట్టి, స్థలమునందలి నాలుగు మూలలను చుట్టివచ్చినవానికి ఒక పరుగు లెక్కింతురు. బంతి విసరువాని నేర్పుమీద జయాపజయములు చాలవఱకు ఆధారపడియుండును. 1919 అక్టోబరులో ఆ దేశపు ప్రధానమైన పోటీలో షికాగో వారి వైట్ సాక్స్ జట్టును, సిన్సినాటి వారి రెడ్స్ జట్టును తలపడెను. షికాగో జట్టే బలమైనదని లోకులు నమ్మియుండిరి. అట్లుండగా 8 ఆటలలో 5 గెలిచి సిన్సినాటి విజయము పొందెను. మొదటి ఆటలోనే షికాగో జట్టులో బంతి విసరు ఎడ్డీ సికాట్ అనువాడు తన రెండవ బంతిని ఎదుటివాని వీపునకు తగులునట్లు విసరెను. జూదరులకు అది సంజ్ఞయని తరువాత తెలియవచ్చినది. ఆ యాటలో షికాగో 9-1 పరుగులతో ఓడెను.

ఆ దినములలో షికాగోలో హ్యూ ఫులర్టన్ అను పత్రికారచయిత యుండెను. ఆటగాండ్ర బలాబలములను లెక్కలు వేసి ఫలితమును ముందుగా చెప్పుటలో ఆయన ప్రసిద్ధుడు. 1906లో ఆ నగరపు రెండు జట్లే తుదిపోటీకి వచ్చినపుడు, బలహీనమని యందఱు తలచిన వైట్ సాక్స్ గెలుచునని ఆయన వ్రాయగా, నవ్వులపాలగుదుమని ఆయన పత్రిక దానిని ఆపియుంచి, ఆ మాట నిజమైన పిదప అచ్చువేసెను. 1919లోను ఆయన షికాగోయే గెలుచునని వ్రాసియుండెను. కాని ఆటలు ప్రారంభమగుటకు ముందే జూదరులు సిన్సినాటిమీద డబ్బు కుమ్మరించుచున్నారను మాట ఆయన చెవిని బడెను.

అప్పు డాయన చేసిన పని మన విద్యార్థులు గమనింపదగినది. అనుమానము కలిగినవెంటనే వ్రాయలేదు. తన కన్నును తానే నమ్మనూలేదు. క్రిస్టీ మాథ్యూసన్ అను పూర్వపు ఆటగానిని తన ప్రక్కను కూర్చుండబెట్టుకొనెను. బంతి విసరుటలో ఆ కాలపు మహానిపుణులలో మాథ్యూసన్ ఒకడు. ఆదివారమున ఆడనని తల్లికి మాటయిచ్చి నిలుపుకొనిన భక్తిపరుడు. ఆటలో సహజమైన పొరపాటేదో, కావలసి చేసిన పొరపాటేదో గుర్తింపగల కన్ను ఆయనది. వారిరువురును అనుమానాస్పదమైన ప్రతి ఘట్టమును ఆట లెక్కల కాగితముమీద గుఱుతుపెట్టుచు సంప్రదించుకొనిరి. నిష్పాక్షికత యనగా ముఖమున ఏ భావమును కనబడనీయకుండుట అని కొందఱు తలతురు. మా యభిప్రాయమున అది అంతకంటె పనితో కూడుకొన్నది. పెన్సిలు, కాగితము, తనకంటె తెలిసిన మఱియొకని సాక్ష్యము, ఇవి లేని నిష్పాక్షికత వట్టి మాట.

పోటీ ముగిసినవెంటనే ఫులర్టన్, ఆ జట్టులోని ఏడుగురు మఱుసంవత్సరము కనబడరని సూచనగా వ్రాసెను. తరువాత వివరముగా వ్రాయబోగా షికాగోలో దానిని అచ్చువేయు ధైర్యము ఎవరికిని కలుగలేదు. పరువునష్టపు దావాకు వెఱచిరి. చివరకు 1919 డిసెంబరు 15వ తేదీని న్యూయార్కులోని ఈవెనింగ్ వరల్డ్ అను పత్రిక ప్రకటించెను. పెద్ద పోటీలు జూదరుల చేతిలో నున్నవా యని ప్రశ్నించుచు, విచారణ జరుపవలసినదని ఆయన ఆట పెద్దలను కోరెను. వెంటనే స్పోర్టింగ్ న్యూస్, బేస్‌బాల్ మాగజీన్ అను క్రీడాపత్రికలు ఆయనమీద విఱుచుకొనిపడెను. ఆటకు అపకారము చేయుచున్నాడనిరి. ఆటవలన జీవించు పత్రికలే ఇట్లనుట గమనింపుడు.

అసలు విషయ మిక్కడ నున్నది. విలేఖరులు కూర్చుండు చోట ఆనాడు అనుమానము కలిగినవాడు ఫులర్టన్ ఒక్కడే కాదు. హాస్యరచయితగా పేరుపొందిన రింగ్ లార్డ్‌నర్, ఆటగాండ్రు ప్రయాణము చేయుచున్న రైలులోనే వారు అమ్ముడుపోయిరని ఎగతాళిపాట కట్టి పాడెనని చెప్పుదురు. రైలులో పాడినది పత్రికలో వ్రాయలేదు. ఏల? ఆ కాలమున జట్టువెంట ఊరూర తిరుగు విలేఖరుల రైలు టిక్కెట్లకును, హోటలు ఖర్చులకును జట్టు యజమానులే సొమ్ము చెల్లించుచుండిరి. షికాగో జట్టు యజమాని ఛార్లెస్ కొమిస్కీ పత్రికలవారికి విందులు చేయుటలో ఆ దేశమంతట పేరుపడినవాడు. ఆటగాండ్రకు జీతములిచ్చుటలో బిగువు చూపెనని ఆయనమీద నిందయున్నది గాని, విలేఖరుల పళ్లెములు నింపుటలో లోపము చేయలేదు. ఆ పళ్లెములకు ప్రతిఫలముగా అబద్ధము వ్రాయుమని ఆయన ఎవరిని కోరినట్లు మేము చెప్పుటలేదు. అట్లు కోరవలసిన పనియే లేదు. తిన్నవాడు తనంతట తానే మెల్లగా మాటలాడును.

న్యాయముగా చెప్పవలెనన్న, మౌనము వహించినవారి పక్షమునను ఒక మాట యున్నది. అనుమానము వేఱు, సాక్ష్యము వేఱు. సాక్ష్యము లేక ఒక యాటగానిని దొంగయనుట ఘోరమైన తప్పు. కాని సాక్ష్యము లేనివాడు సాక్ష్యమును వెదకవచ్చును. వెదకుటకే గదా విలేఖరి యున్నాడు. వారిలో ఎక్కువమంది వెదకలేదు.

1920 సెప్టెంబరులో షికాగోలో న్యాయవిచారణ ప్రారంభమయ్యెను. ఆ నెల 28వ తేదీని సికాట్ తాను సొమ్ము పుచ్చుకొంటినని ఒప్పుకొనెను. 1921 ఆగస్టు 2వ తేదీని జ్యూరీవారు ఆటగాండ్రను నిర్దోషులని విడిచిపెట్టిరి. మఱునాడే క్రీడాధికారియైన జడ్జి లాండిస్ ఎనిమిదిమందిని ఆటనుండి శాశ్వతముగా బహిష్కరించెను. ఆ యెనిమిదిమందిలో బక్ వీవర్ అనువాడు సొమ్ము పుచ్చుకొనలేదు; బాగుగానే ఆడెను. కుట్ర జరుగుచున్నదని యెఱిగియు చెప్పకుండుటయే అతని దోషము. 1956లో మరణించువఱకు అతడు తన్ను మరల చేర్చుకొనుడని వేడుకొనుచునే యుండెను. ఆ బహిష్కారము మరణముతో ముగియునని ఆట పెద్దలు 2025 మే నెలలో నిర్ణయించిరి. అప్పటికి ఆ యెనిమిదిమందిలో ఎవరును బ్రదికియుండలేదు. ఎఱిగియు చెప్పనందుకు ఆటగానికి యావజ్జీవశిక్ష! ఎఱిగియు వ్రాయని విలేఖరులకో, మఱుసంవత్సరముకూడ రైలు టిక్కెట్టు వచ్చెను.

ఈ కథకు ఒక చిన్న తోక యున్నది. ఆ యెనిమిదిమందిలో జో జాక్సన్ అను మహానిపుణుడు ఒకడు. అతడు న్యాయస్థానమునుండి వెలువడుచుండగా ఒక పసివాడు ఎదురై, ఇది నిజము కాదని చెప్పుమని దీనముగా వేడెనని షికాగో పత్రికలో వార్త వచ్చెను. ఆ వార్త లోకమంతట ప్రాకి, నేటికిని ఆ దేశమున సామెతగా నున్నది. జాక్సన్ తరువాతి కాలమున అట్టిది జరుగనేలేదని చెప్పెను. జరిగినదానిని సంవత్సరము దాచినవారు, అది బయటపడిన పిదప జరుగనిదానిని అందముగా కల్పించిరన్నమాట. కల్పన నీతిబోధకమైనదైనను వార్త కానేరదు. ఉపన్యాసములకొఱకు ఇట్టి కథలను వెదకు మావంటి ఉపాధ్యాయులును, బోధకులును దీనిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఆ దేశపు పత్రికలు క్రమక్రమముగా నేర్చుకొనెను. తమ విలేఖరుల ప్రయాణపు ఖర్చులను తామే భరింపసాగెను. ఆటలో ఒక దెబ్బను కొట్టినవాని ఘనతగా వ్రాయవలెనా, పట్టువాని పొరపాటుగా వ్రాయవలెనా యని నిర్ణయించు లెక్కగాని యుద్యోగము చిరకాలము ఊరి విలేఖరులకే యుండెను. దానికి ఆటసంఘమువారు రుసుము నిచ్చుచుండిరి. సాయంకాలము తాను చేసిన నిర్ణయమును రాత్రి తానే విమర్శింపవలసిన స్థితి అది! 1970ల తరువాత అనేక పత్రికలు తమవారిని ఆ పనినుండి తప్పించెను.

ధనముకంటెను స్నేహము ఎక్కువగా కట్టివేయును. దీనికి క్రికెట్టు చరిత్రలో ఒక సాక్ష్యము కలదు. 1932-33లో ఇంగ్లండు జట్టు ఆస్ట్రేలియాకు పోయినపుడు, ఆ జట్టు నాయకుడు జార్డిన్ బ్యాటు పట్టినవాని శరీరమువైపునకే వేగముగా బంతులు వేయించు పద్ధతి నవలంబించెను. 1933 జనవరి 14వ తేదీని అడిలైడులో ఆస్ట్రేలియా నాయకుడు వుడ్‌ఫుల్ గుండెపై దెబ్బ తినెను. ఈ వుడ్‌ఫుల్ మెథడిస్టు బోధకుని కుమారుడు, వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆ కాలపు ఆటగాండ్రలో మాకు మిక్కిలి ఇష్టుడని దాచనేల? ఆ పర్యటనమునుగూర్చి వ్రాయుటకు ఇంగ్లండునుండి వెళ్లినవారు మిక్కిలి కొలదిమంది. వారిలో ఒకడు టెన్నిసు వార్తలు వ్రాయువాడు. మఱొకడు జాక్ హాబ్స్, బ్యాటింగులో జగత్ప్రసిద్ధుడు. బంతి ఎక్కడ పడి ఎక్కడకు లేచుచున్నదో ఆయనకంటె తెలిసినవాడు ఆ స్థలమున లేడు. కాని జార్డిన్ కూడ హాబ్స్ ఆడిన సర్రే జట్టువాడే. ఆట జరుగుచున్నంతకాలము హాబ్స్ ఆ పద్ధతిని ఖండించి వ్రాయలేదు. స్వదేశమునకు మరలిన పిదపనే గ్రంథములో దానిని తప్పుపట్టెను. ఆ లోపల ఇంగ్లండులోని చదువరులు, ఆస్ట్రేలియావారు ఓర్వలేక మొఱపెట్టుచున్నారనియే తలచిరి. ఆలస్యముగా చెప్పిన నిజము గ్రంథాలయమునకు చేరును గాని, ఆనాటి చదువరికి చేరదు.

అదే అడిలైడులో మఱొక సంగతి జరిగెను. దెబ్బతిని విశ్రమించుచున్న వుడ్‌ఫుల్, తన్ను పరామర్శింపవచ్చిన ఇంగ్లండు మేనేజరుతో గదిలో అనిన కఠినవాక్యములు పత్రికలకెక్కెను. చెప్పినవాడెవడు? జట్టులో జాక్ ఫింగిల్టన్ పత్రికావృత్తిలో నుండుటచేత నింద అతనిపై బడెను. తాను కాదని అతడు జీవితాంతము చెప్పెను. బ్రాడ్‌మన్ చెప్పియుండునని అతడనెను. బ్రాడ్‌మన్ దానిని కాదనెను. ఎవరిది నిజమైనను మనకు కావలసిన దొక్కటి: ఆటగాడును, వార్తాహరుడును ఒక్కడేయైనప్పుడు, తప్పు చేయకున్నను చేసినట్లు లోకము చూచును.

స్నేహితుని లోపమును స్నేహితుడు వ్రాయుట సాధ్యమా యని విద్యార్థులు అడుగవచ్చును. మన యింట ప్రతిదినము చదువుకొను సువార్తలు నాలుగును ఆ ప్రశ్నకు జవాబు. పేతురు తన గురువును ఎఱుగనని బొంకిన సంగతి వానిలో నాలుగింటను ఉన్నది. వ్రాసినవారు పేతురు శత్రువులు కారు. ఆయనను సంఘమునకు స్తంభముగా నెంచినవారు. ఆ లోపమును విడిచిపెట్టి వ్రాసియుండిన ఎవరడుగుదురు? అయినను వ్రాసిరి. వ్రాసినందువలన పేతురు గౌరవము తగ్గలేదు. వ్రాసినవారిమీద మనకు నమ్మకము పెరిగినది.

ఇక మన దేశమునకు వత్తము. హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ పాఠశాలలో, అనగా మన పాఠశాలవంటి మిషను పాఠశాలలోనే, చదివిన మహమ్మద్ అజహరుద్దీన్ 1984-85లో తాను మొదట ఆడిన మూడు టెస్టులలోను శతకములు చేసెను. ఆ నగరము ఆయనను కన్నకొడుకువలె చూచుకొనెను. 2000 ఏప్రిలులో ఢిల్లీ పోలీసులు బయటపెట్టిన జూదపు వ్యవహారము పెరిగి, ఆ సంవత్సరము డిసెంబరులో భారత క్రికెట్టు బోర్డు ఆయనను యావజ్జీవము నిషేధించెను. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చట్టసమ్మతము కాదని కొట్టివేసెను. ఇట్టి వార్తలను తన ఊరివానినిగూర్చి వ్రాయవలసివచ్చిన విలేఖరి యే మార్గము నవలంబింపవలెను? బోర్డు ఏమనెనో అదియే, కోర్టు ఏమనెనో అదియే, తేదీలతో వ్రాయవలెను. నిషేధపువార్తను ఎంత పెద్ద అక్షరములతో వేసెనో, తీర్పును అంతటి యక్షరములతోనే వేయవలెను. అభిమానముచేత తీర్పులో లేని మాటను కలుపరాదు. కోపముచేత ఉన్న మాటను చిన్నదిగా చేయరాదు. అక్షరపు పరిమాణములోకూడ పక్షపాతము దాగియుండునని మన బాలురు నేర్వవలసియున్నది.

శ్రీకాకుళము ప్రాంతమున పుట్టిన కరణం మల్లేశ్వరి సంగతియు చెప్పవలెను. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్సుకు ఆమెను ఎన్నుకొన్నపుడు, అది సరికాదని పత్రికలలో విమర్శలు వచ్చెను. సెప్టెంబరు 19వ తేదీని ఆమె మొత్తము 240 కిలోగ్రాముల బరువునెత్తి కంచుపతకము గెలిచి, ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతస్త్రీ యయ్యెను. ఎన్నికను విమర్శించుట పత్రికలకు గల హక్కే. కాని స్త్రీల ఆటలనుగూర్చి వ్రాయునపుడు మన విలేఖరుల కొలబద్ద తఱచు మాఱును. పురుషుడైనచో ఎత్తిన బరువును, స్త్రీయైనచో ఆమె ఒడ్డుపొడవులను, ఆహారమును, వివాహమును వ్రాయుదురు. బాలికల ఖోఖో పోటీ జరిగినపుడు పాయింట్లు అచ్చులో కనబడవు. బహుమతి నిచ్చిన పెద్దమనిషి ఛాయాచిత్రము మాత్రము కనబడును. ఇది అబద్ధము కాదు. అబద్ధముకంటె మెత్తనిదగుటచేతనే ఎవరును అడుగరు.

ఇప్పుడు విద్యార్థులకొఱకు ఒక యభ్యాసము. ఈ క్రింది యాట మేము పాఠముకొఱకు కల్పించినది. తూర్పు పాఠశాల, పడమటి పాఠశాల కబడ్డీ తుదిపోటీలో తలపడెను. తూర్పు ఊరి విలేఖరి ఇట్లు వ్రాసెననుకొందము: “మన వీరులు సింహములవలె పోరాడియు, రిఫరీ పక్షపాతమువలనను దురదృష్టమువలనను స్వల్పమైన తేడాతో ఓడిరి.” అదే యాటను ఇట్లును వ్రాయవచ్చును: “పడమటి పాఠశాల 31-28 పాయింట్లతో తూర్పు పాఠశాలపై గెలిచెను. విరామమునకు తూర్పు జట్టు 17-12తో ముందుండెను. చివరి నిమిషమున తూర్పు జట్టులో కూతకు వెళ్లినవాడు ప్రక్కగీత దాటెనని రిఫరీ ఈలవేసెను. తూర్పు నాయకుడు అభ్యంతరము చెప్పెను, నిర్ణయము మాఱలేదు.”

మొదటిదానిలో సంఖ్య ఒక్కటియు లేదు. ‘పక్షపాతము’ అను మాటను తీసికొనుడు. విలేఖరి చూచినది రిఫరీ నోటిలోని ఈలను, ఆటగాని పాదమును. రిఫరీ మనస్సును అతడు చూడలేదు. ఆ రిఫరీ ఏదో పాఠశాలలో చాలీచాలని జీతమునకు డ్రిల్లు చెప్పుకొను ఉపాధ్యాయుడై యుండును. ఆ యొక్క మాటచేత వచ్చు సంవత్సరము అతనిని పిలువకపోవచ్చును. బజారులో తలయెత్తుకొని నడువలేకపోవచ్చును. రెండవ వ్రాతలో అభ్యంతరము దాచబడలేదు. కాని అది చెప్పినవాని పేరుతో నున్నది. ఇక ‘దురదృష్టము’. ఇది చిత్రమైన మాట. మన జట్టు ఓడినపుడే వాడుదురు గాని, ఎదుటివారు ఓడినపుడు వాడినట్లు ఎచ్చటను కనబడదు. ‘సింహములు’ అనుటలో ఆక్షేపణ లేకపోవచ్చును. పడమటివారు మఱేమి యని మాత్రము అడుగవలెను. ‘మన’ అనుమాట పెద్ద దోషమని మేము తలపము. తన ఊరి ఆటకు వెళ్లి వ్రాయుటయే ప్రేమ. ఆ ప్రేమ విలేఖరిని ఆటస్థలమువఱకు నడిపింపవచ్చును. లెక్కల పుస్తకములో చేయిపెట్టరాదు.

దీనికి ఎదురైన తప్పును కొందఱు చేయుదురు. నిష్పాక్షికులమని అనిపించుకొనుటకై ఇరుపక్షములను సమానముగా పొగడి, సమానముగా మందలింతురు. ఒక జట్టు మొఱటుగా ఆడి ఇద్దరి చేతులు విఱిచినపుడు, ఇరుజట్లును ఆవేశమునకు లోనయ్యెననుట న్యాయము కాదు, పిఱికితనము. త్రాసు పట్టినవాడు రెండు సిబ్బెలలోను ఒకే బరువు పోయడు; ఉన్నదానిని తూచి చెప్పును.

జీతము పుచ్చుకొని ఆడు పెద్దవానిని, పదునాలుగేండ్ల బాలుని ఒక్క రాతితో తూచరాదనికూడ మేము తలతుము. భారతజట్టు ఆటగాడు చేతిలోని క్యాచి జారవిడిచిన, పేరుపెట్టి వ్రాయవచ్చును. అది అతని వృత్తి. పాఠశాల బాలుడు జారవిడిచిన, ఒక క్యాచి జాఱినదని వ్రాసిన చాలును. ఆ కాగితమును వాడు తన తల్లిముందు చదువవలసియున్నది.

కానుకల మాటకు వత్తము. భారత ప్రెస్ కౌన్సిలు ప్రకటించిన ప్రవర్తననియమములలో, వ్రాతపై ప్రభావము చూపగల కానుకలను, ఉచితప్రయాణములను విలేఖరులు స్వీకరింపరాదని యున్నది. నియమము మంచిది. కాని పల్లెలో ఆటకు పోయిన విలేఖరి, ఇచ్చిన టీని త్రాగననిన, దానిని అవమానముగా నెంతురు. టీ త్రాగవచ్చునని మా యభిప్రాయము. బస్సు ఖర్చు పుచ్చుకొనరాదు. కవరులో పెట్టి యిచ్చినది తెఱచిచూడనే రాదు. ఈ నడుమ నుండు భోజనమునుగూర్చి ఉపాధ్యాయుల గదిలో మాలో మాకే ఏకాభిప్రాయము కుదరలేదు. షికాగో పళ్లెములను తలచుకొనినపుడు మేము కఠినులవైపు మొగ్గుచున్నాము. అయితే పత్రికల యజమానులు తమ ఊరి విలేఖరికి బస్సు ఖర్చయినను ఇయ్యక అతనినుండి మహర్షి ధర్మమును కోరుట న్యాయమా యనునది వారినే అడుగవలసిన ప్రశ్న.

మన పాఠశాల సంచికలో ఆటల భాగమును వ్రాయుటకు ఈ సంవత్సరము మేము ఇట్లు ఏర్పాటు చేసితిమి. ఏ జట్టు సంగతి వ్రాయవలెనో ఆ జట్టులో లేని విద్యార్థియే వ్రాసెను. లెక్కల పుస్తకము ప్రక్కనుంచుకొని వ్రాసెను. ఎదుటి పాఠశాల నాయకునికి చూపి, సంఖ్యలు సరియేయని తెలిసికొనిన పిదపనే అచ్చుకు పంపితిమి. బాలికల ఆటలకు బాలుర ఆటలకు ఇచ్చినంత చోటే యిచ్చితిమి. ఓడిన ఆటలనుకూడ గెలిచినవానితోపాటు తేదీల వరుసనే ఉంచితిమి. వ్రాసిన విద్యార్థులలో ఒకడు ఫుట్‌బాలు వృత్తాంతమున ‘దురదృష్టవశమున’ అని వ్రాసి, తానే కొట్టివేసెను. ఆ కొట్టివేత అతని చిత్తుప్రతిలో ఉన్నది. చూడగోరువారు గ్రంథాలయములో చూడవచ్చును.